పది వేళ్లు

(దుబాయ్, 1986. ఆసుపత్రి వార్డులో వెంకట్రాములు బోర్లా పడుకున్నాడు. నర్సు కృపాకుమారి నూనె గిన్నెతో అతని కాళ్ల దగ్గర కూర్చుంది.)

“కదలకు రాములూ.”

“కదిలేటట్టుంటే ఈ మంచం మీద ఎందుకుంటనక్కా!”

“నీ నోరొకటి. భుజాలు కదుపుతున్నావుగా, అందుకంటున్నా. చక్రాల కుర్చీలో బంతాట ఆడొచ్చాక గంటసేపు బోర్లా పడుకోవాల్సిందే. లేకపోతే కింద పుండు పడుద్ది. పడిందంటే ఇక ఈ పోటీల్లో కప్పూ లేదు గిప్పూ లేదు.”

“పండుకుంట గని, ఒక్క ముచ్చట చెప్పు. ఇప్పుడు నువ్వు పట్టింది ఎడమ కాలే గదా?”

“నేనింకా ముట్టుకోనే లేదు.”

“గట్లనా... నాకు తెలిసినట్టే అనిపిచ్చింది.”

“అనిపిస్తుందిలే. ఊరుకో.”

“మరి నిన్న ఆటల మోకాలు ఎగిరింది. అందరు చూసిండ్రు. గదేంది?”

“అది నువ్వు ఎగరేసింది కాదని ఎన్నిసార్లు చెప్పాను? నరం దానంతటదే అదురుద్ది. తెగిపడ్డ బల్లితోక గంతులెయ్యదూ, అలాగే.”

“బల్లికి తోక మల్ల మొలుస్తదక్కా.”

“నీతో మాట్లాడి గెలవలేను బాబూ.”

“గెలుసుడంటే యాదికొచ్చింది. ఆ దొర డాక్టరు నాకు ఒక్కటే మార్కు ఏసిండట. పొట్ట నొక్కిండు, ఎనక్కి తోసిండు, బంతి చేతులవెట్టి పక్కకు వంగుమన్నడు. గంత చేపిచ్చి ఒక్క మార్కు! మా టీంల ఉన్న ఆ పఠానుకు నాలుగట. మా బడిల ఒక్క మార్కొస్తే పంతులు తోలు తీస్తుండె.”

“ఇది బడి కాదయ్యా. ఆటలో అయిదుగురు ఉంటారా? అయిదుగురి మార్కులూ కలిపితే పద్నాలుగు దాటకూడదు. ఒళ్లు బాగా తిప్పగలిగే వాళ్లకి ఎక్కువ మార్కులు. మనకి నాలుగు మార్కులోళ్లు ఇద్దరు, మూడు మార్కులోడొకడు, రెండు మార్కులోడొకడు. ఎంతయింది?”

“పదమూడు.”

“ఇంక మిగిలింది ఒకటి. ఒక్క మార్కోడు దొరక్కపోతే ఆ నాలుగోళ్లిద్దరూ కలిసి ఆడలేరు. అందుకే టీం నడిపే ముదీర్ నీ చుట్టూ తిరుగుతున్నాడు. నీకు రెండొచ్చుంటే పక్కన కూర్చోబెట్టేవాడు.”

“ఓరి నీ! అంటే నేను మస్తు కావాల్సినోన్ని!”

“కూరలో ఉప్పువి.”

“మా లక్ష్మవ్వకు ఊరికి పంపే క్యాసెట్ల చెప్పాలె. నీ మొగడు ఒక్క మార్కుతోని పాసయిండని.”

“పోయిన క్యాసెట్లో ఏం చెప్పావు?”

“ఏమున్నది. కప్పు అయినంక ఇమానం దిగి నడుసుకుంట వస్త, ఎవ్వలిని తోలుకరాకు, జీపు మాట్లాడకు అన్న.”

“ఊఁ.”

“ఏమైందక్కా? చేతుల సప్పుడు ఆగింది.”

“ఏం లేదు. నూనె అయిపోతోంది.”

“నిన్న మన వార్డు డాక్టరు నిన్ను పక్కకు పిలిచి ఏమన్నడు? నా దిక్కు చూసుకుంటనే మాట్లాడిండు.”

“ఈ వార్డులో తెలుగు నాకొక్కదానికే వచ్చు కదా. నీకు చెప్పమన్నాడు.”

“ఏం చెప్పమన్నడు?”

“బాగా తినమని.”

“తినుమనేతందుకు గంత సేపా?”

“గుడ్లు, పాలు... అన్నీ చెప్పాడులే.”

“సరే, ఇంకొకటి చెప్పు. ఇంగ్లండోళ్ల టీంల తెల్లజుట్టాయన ఉన్నడు చూడు. నిన్న ఆట అయినంక నా తానకొచ్చిండు. ఒక్క వేలు తన రొమ్ముకు పెట్టుకున్నడు. అదే వేలు నా రొమ్ముకు పెట్టిండు. వన్, వన్ అన్నడు. ఇద్దరం ఒక్క మార్కోల్లమని సమజైంది. తర్వాత రెండు చేతులు చాపి పది వేళ్లు చూపిచ్చి నవ్విండు. గది గూడ సమజైంది.”

“ఏం సమజైంది?”

“పది నెలలు. ఇంక పది నెలలైతే ఇద్దరం లేస్తం, ఫికర్ చెయ్యకు అన్నట్టు. సంబురంతోని నాకు నిద్రనే పట్టలే.”

“అయ్యో రాములూ...”

“ఏంది, కాదా?”

“అది... పది బాస్కెట్లు వేశానని చెప్పుంటాడు.”

“ఆయన ఏసినయి రెండే. నా కండ్లతోని చూసిన. నీకు అబద్ధమాడుడు రాదక్కా.”

“పదేళ్లు.”

“ఏంది పదేండ్లు?”

“ఈ కప్పు మొదలైన ఏడు నుంచీ ఆడుతున్నాడంట. డాక్టరు చెప్పాడు. మొదటేడు నాలుగు దేశాల క్లబ్బులే వచ్చాయంట. ఆసుపత్రి కుర్చీల్లోనే ఆడారంట, మోటు ఇనప కుర్చీలు, చక్రాలు కీచుకీచుమంటా ఉంటే. తమాషా విను, గెలిచినోళ్లకి ఇవ్వడానికి కప్పు కొనడమే మర్చిపోయారంట! ఆసుపత్రి వంటింట్లోంచి పాలగిన్నె తెచ్చి ఇచ్చారంట. దాన్ని ఎత్తి పట్టుకుంది ఆయనే. ఆ తర్వాత ఏడాదికో దేశం తిరిగింది. క్లబ్బులు పెరిగాయి, కుర్చీలు తేలికయ్యాయి, వెండి కప్పు వచ్చింది. ఇప్పుడు మొదటిసారి మన గల్ఫుకి...”

“అప్పుడెన్ని మార్కులు?”

“ఎప్పుడు?”

“ఆ పాలగిన్నె ఇచ్చిన ఏడు. ఆయనకెన్ని మార్కులు?”

“అప్పట్లో లెక్కలు వేరుగా ఉండేవేమో...”

“అక్కా.”

“ఒకటే.”

“ఇప్పుడు?”

“ఒకటే.”

“పదేండ్లల్ల ఒక్కటి గూడ పెరగలేదా?”

“అది పెరిగే మార్కు కాదు రాములూ.”

“ఆయనకు పెరగదు. మరి నాకు?”

“ఆగు, ఈ గిన్నె పక్కన పెట్టనీ.”

“డాక్టరు చెప్పుమన్నది గిదేనా?”

“ఇదే. చాలా రోజుల నుంచీ చెప్పమంటూనే ఉన్నాడు, నిన్న మళ్లీ అడిగాడు. రోజూ ప్రార్థన చేసుకుని, ఇవాళ చెప్పేస్తాననుకుని వస్తాను. నువ్వేమో అక్కా, ఎడమ కాలు పట్టినవా అంటావు. ఏ నోరు పెట్టుకుని చెప్పను?”

“ఏడువకు. ఏడువకక్కా. ఏడ్సుడు నా వంతు గదా, నువ్వు గుంజుకుంటవేంది.”

“నా మీద కోపమొచ్చిందా?”

“నీ మీద ఏం కోపం? జెబెల్ అలీ రేవుల పని చేసుకుంట మీది నుంచి పడ్డనాడే నాకు అనుమానమొచ్చింది. నడుముకు మీదేమో బాగా నొస్తున్నది, కిందికెల్లి ఏ సప్పుడు లేదు. కని లక్ష్మవ్వకు ఏమని చెప్పాలె? జీపు వద్దన్న గదా నేను.”

“నేను కూడా మాట్లాడతాను క్యాసెట్లో. ఇద్దరం కలిసి చెబుదాం.”

“ఒక్క పని చేస్తవా?”

“చెప్పు.”

“డాక్టర్లు ఎన్నో అంటరు. నేను ఇప్పుడు కాలు బొటనవేలు కదుపుత. బోర్ల పన్న గదా, నాకు కనబడది. నువ్వు చూసి చెప్పు.”

“వద్దు రాములూ. నా మాట విను.”

“ఒక్కసారి. ఇంక ఎన్నడు అడగ. ఖలాస్.”

“...సరే.”

“కదుపుతున్న. పాణమంత దాంట్లనే పెట్టి కదుపుతున్న. కదిలిందా?”

“...”

“అక్కా, కదిలిందా?”

“కదిలింది.”

“నిజంగనా?”

“నిజంగా. కొంచెమే. కానీ కదిలింది. దేవుడి తోడు.”

“అయితే డాక్టరుకు చెప్పకు. మార్కు పెరిగితే టీంల నుంచి తీస్తరు.”

“చెప్పను. ఎవరికీ చెప్పను.”

“ఏ కాలుది కదిలింది?”

“...ఎడమది.”

“నేను కుడిది కదిపిన అక్కా.”