దుప్పట్ల మధ్య పాఠం

గొంతు మారుమోగకుండా గోడలకు దుప్పట్లు వేలాడదీసిన పడగ్గదిలో, లెక్కల టీచరు కెమెరా ఆపింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న అత్తగారు తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ తియ్యాలమ్మా."

"ఫ్యాను ఆపాం, ఫ్రిజ్జు కూడా ఆపాం. ఇంకేం చప్పుడు అత్తయ్యా?"

"చప్పుడు లేదు. నీ గొంతు గంట కొట్టినట్టుంది. మైనస్ అయిదుని అటుపక్కకి పంపుతూ ప్లస్ చెయ్యడం మర్చిపోయావు."

"అయ్యో, నిజమే. లెక్కలంటే నాకు ఆమడ దూరం అంటారుగా, మీకెలా తెలిసింది?"

"పొద్దుటినుంచీ నా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నావు. ఎక్కదా మరి?"

"మీకెక్కిందంటే పిల్లలకీ ఎక్కుతుంది. పాఠం బాగానే చెప్పానన్నమాట."

"చెప్పావు. మొదట్నుంచీ తియ్యి."

"ఫ్రిజ్జులో పాలు విరిగిపోతాయేమో."

"విరిగితే విరగనీ. నా కోడలి పాఠంలో తప్పు వినపడకూడదు."