మేకుకి లేని స్టీరింగ్

మెకానిక్ తన షెడ్డులో బావమరిది పాత స్పోర్ట్స్ కారుకి కొత్త బ్రేకులు, స్ప్రింగులు బిగిస్తున్నాడు. పని పూర్తయ్యేదాకా ఎవరూ బండి తీయకుండా స్టీరింగ్ గోడ మేకుకే వేలాడాలన్నది అతని నియమం. భోజనం చేసి వచ్చేసరికి మేకు ఖాళీగా ఉంది.

“స్టీరింగ్ ఎవడు బిగించాడ్రా?”

“నేనే బావా. కొత్త బ్రేకు డిస్కులు వేసేశావుగా, ఒక్క రౌండు వేసొచ్చాను.”

“వేసేస్తే అయిపోయిందా? బ్రేక్ లైన్లో గాలి ఇంకా తీయలేదు! తొక్కితే పెడల్ ఏమైంది?”

“నేలకి దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి ఆపాను. ఏమీ కాలేదుగా, ఎందుకలా మీదపడతావు?”

“ఒక్కడివే వెళ్ళావా?”

“ఒక్కడినే.”

“మరి పక్క సీటు కింద ఈ చిన్న చెప్పేంటి?”

“అదా... ఎప్పటిదో పాతది, బావా.”

“పాతదా? పొద్దున నా కూతురి కాలికి నేనే తొడిగానురా!”