సంచిలోకి రాని తాడు

బందరు పక్కన గిలకలదిండి, 1961 డిసెంబరు, ఓ సాయంత్రం. సముద్రం మీద చేపలు పట్టే నాంచారయ్య, కాలేజీలో చదివే కొడుకు భూషణం. మధ్యలో, రేపు కాలేజీ జట్టుతో వెళ్ళే నడకకి సర్దుతున్న ఓ ఖాకీ సంచి. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇద్దరూ దాని మీద పడి కొట్టుకుంటున్నారు.

“ఆ బూట్లు తియ్యి.”

“తియ్యను.”

“తియ్యమన్నానా! పాయ దాటాక మోకాల్లోతు ఊబి. బూటు లోపలే ఉండిపోద్ది, కాలొక్కటే పైకొస్తది.”

“అందరూ వేసుకొస్తున్నారు. జట్టులో నేనొక్కణ్ణే వట్టికాళ్ళతో నడవాలా?”

“ఎవరివి అవి?”

“మా క్లాసు తోమాసువి. అడిగి తెచ్చుకున్నా.”

“ఎరువు బూట్లేసుకుని హంసలదీవి దాకా నడుస్తాడంట! ఇదుగో, ఈ కొబ్బరి తాడు పెట్టుకో. ఎవడైనా దిగబడితే లాగొచ్చు. ఈ మంచినీళ్ళ సొరబుర్ర కూడా. ఆ ఒడ్డున ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే.”

“నాకు వాటర్ బాటిలుంది.”

“అది గుక్కెడు. రెండు రోజుల నడకరా!”

“బుర్రా వద్దు, తాడూ వద్దు. వలకి కట్టిన తాడది. కంపు.”

“ఏవిటీ?”

“ఏం లేదు.”

“మళ్ళీ అను.”

“కంపు! బట్టలన్నీ కంపే. ఇందులో ఈ పొట్లం ఎవరు పెట్టారు?”

“మీ అమ్మ. ఎండు నెత్తళ్ళు వేయించి పెట్టింది.”

“తీసెయ్యి.”

“నువ్వే తియ్యి. గుమ్మంలోనే కూచుంది, దాని కళ్ళ ముందే తియ్యి.”

“ఇదుగో, తీశా. చాలా?”

“చాలు.”

“నన్ను ఒక్కసారి వాళ్ళలాగా వెళ్ళనీ నాన్నా. ఒక్కసారి! కాలేజీలో ఎవరికీ...”

“ఎవరికీ?”

“వదిలెయ్యి.”

“నువ్వెవరి కొడుకువో ఎవరికీ తెలీదు. అంతేనా?”

“నేనలా అన్లేదు.”

“రేపు మీ జట్టు పడవెక్కేది మన రేవులోనే. మరి నువ్వు తెల్లారకుండా బందరెళ్ళి, మళ్ళీ వాళ్ళతో ఇక్కడికే రావడం దేనికి?”

“అందరం కలిసి రావాలి. రూలు.”

“రూలు!”

“నువ్వు మాత్రం రేపు రేవు దగ్గరికి రాకు.”

“ఎందుకు రాకూడదు?”

“వేటకెళ్తావుగా. రోజూ వెళ్తావుగా!”

“రేపెళ్ళను.”

“ఎందుకెళ్ళవు? నా మీద కక్షా?”

“నా పడవ మాట్లాడుకున్నారు. కాలేజీ కుర్రాళ్ళని పన్నెండు మందిని పాయ దాటించాలంట. నిన్న మీ మేస్టారొచ్చారు.”

“ఏ మేస్టారు? వెంకటాద్రి గారా?”

“ఆయనే. మంచాయన. పోర్టాఫీసు గుమాస్తా గారబ్బాయి ఒకడున్నాడంట. నీళ్ళంటే చచ్చేంత భయమంట. స్నేహితులు ఎన్నిసార్లు పిలిచినా అందుకే ఇటువైపు రాలేదంట. జాగ్రత్తగా చెయ్యి పట్టుకుని ఎక్కించమన్నారు.”

“నాన్నా...”

“పేరు భూషణమంట. రేపు చెయ్యి పట్టుకోమంటారా బాబుగారూ, కంపు కొడతదేమో... తాడు అందించమంటారా?”