అద్దింట్లో మేకు

ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ అందంగా తీర్చిదిద్దే ఇంటీరియర్ డిజైనర్ సాయంత్రం తన అద్దింటికి వచ్చి, బ్యాగు గుమ్మం పక్కన నేలమీద పడేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. భర్త మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

“ఇవాళ ఎవరిల్లు?”

“ఒక డాక్టరు గారిది. గోడ నిండా కుటుంబం ఫొటోలు కావాలన్నారు. తీరా చూస్తే అందరూ కలిసి దిగింది ఒక్కటీ లేదు.”

“మరేం చేశావు?”

“ఫ్రేములతో పాటు షాపువాళ్లు పెట్టిచ్చిన బొమ్మల్నే ఉంచెయ్యమన్నారు. ఎవరి పిల్లలో ఏమో, గోడంతా పళ్లికిలిస్తున్నారు.”

“నయం, అల్లరి చెయ్యరు.”

ఆమెకు నవ్వే ఓపిక కూడా లేదు. అంతలో గోడ మీద చూపు ఆగింది.

“గుమ్మం పక్కన ఆ మేకేంటండీ?”

“నేనే కొట్టా.”

“మతి పోయిందా మీకు? ఓనరు ఖాళీ చెయ్యమంటే? మళ్లీ ఇల్లు వెతుక్కునే ఓపిక నాకు లేదు.”

“కాళ్లావేళ్లా పడితే ఒక్కదానికి ఒప్పుకున్నాడులే.”

“ఏ ఫొటో పెడదామని?”

“ఫొటో కాదు. ఇంటికి రాగానే ముందు ఏం చేస్తారని నీతో ఇళ్లు చేయించుకునేవాళ్లందర్నీ అడుగుతావుగా. నిన్ను అడిగేవాళ్లు లేరు. అందుకే నేను చూస్తూ వచ్చా.”

“ఏం చేస్తాను నేను?”

అతను వంగి, నేలమీది బ్యాగు తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె లేచి మేకుకు తగిలించింది. చెయ్యి చాచాల్సిన పని లేదు, వంగాల్సిన పనీ లేదు.

“సరిగ్గా సరిపోయింది. కొలత ఎలా తీశారు?”

“నా భుజం ఎత్తులో కొట్టా. నువ్వు తల ఆనించేది అక్కడేగా. ఈమధ్య ఆనించడం లేదు గానీ, ఎత్తు గుర్తుంది.”