వంతెన వస్తోందమ్మా

తైచుంగ్ నగరంలోని ఆసుపత్రి నుంచి లుకాంగ్ ఊళ్ళోని ఇంటికి అంబులెన్స్ వెళుతోంది. తల్లి నోట్లో గొట్టం ఉంది. నర్సు రబ్బరు సంచిని నొక్కుతూ ఆమె ఛాతీలోకి గాలి పంపుతోంది. పక్కనే అన్నాచెల్లెళ్ళు కూర్చున్నారు.

“అమ్మ ఏమంది అన్నయ్యా? చేపలమ్మి బతికినదాన్ని, చివరికి నా నోటికే గాలం వేయకండి అంది. నవ్వుతూనే అయినా గట్టిగానే అంది.”

“తెలుసు.”

“తెలిసే గొట్టం పెట్టించావా?”

“ఊపిరి ఉండగా గడప దాటి ఇంట్లోకి రాకపోతే ఆత్మ బయటే తిరుగుతుందని మామయ్య పట్టుబట్టాడు. నాన్న ఆసుపత్రిలోనే పోయినప్పుడు అమ్మ ఎంత ఏడ్చిందీ!”

“ఏడ్చింది నాన్న కోసం. తనకి మాత్రం ఇది వద్దంది.”

“మరి నువ్వెందుకు ఆపలేదు?”

“పెద్దకొడుకువి నువ్వుండగా నా మాట ఎవరు వింటారని ఊరుకున్నాను. ఇప్పుడు లేస్తోంది నోరు.”

అతను తల్లి చెవి దగ్గరికి వంగాడు.

“అమ్మా, వంతెన వస్తోంది. భయపడకు, మాతోనే రా.”

“అన్నయ్యా! దారి తప్పకుండా వంతెన వస్తోందని చెప్పేది పోయినవాళ్ళ ఆత్మకి కదా?”

“బండి ఎక్కించేటప్పుడే గుండె ఆగిపోయింది లీహ్వా. ఇంటిదాకా ఆ సంచి నొక్కుతూనే ఉండమని నర్సుగారిని నేనే బతిమాలాను.”

“ఇంకా ఈ గాలి ఎవరికోసం?”

“మామయ్య గడపలో చూస్తుంటాడని... కాదులే. నాకోసమే.”

“ఇక తీసేయమను అన్నయ్యా.”

“ఇంకో రెండు వంతెనలున్నాయే.”

“అవి వచ్చినప్పుడు అమ్మకి నేను చెబుతాను. ముందు ఆ నోరు ఖాళీ చేయించు. మనిద్దర్నీ తిట్టుకుంటూనైనా ఇంటికి వస్తుంది.”