కండె అయిపోయింది

సిరిసిల్ల చాయ్ హోటల్ల, కరెంటుతోని బట్ట నేసే సాంచల మీద గేమ్ తయారుచేసిన పిల్ల వచ్చి ఎదురుంగ కూసుండంగనే, ఆ గేమ్‌ను యూట్యూబ్‌ల ఏకిపారేసిన పిలగాడు ఫోన్ బోర్ల పెట్టిండు.

"అన్నా, నా గేమ్ మొత్తం ఆడినవా?"

"ఆడుదామనే కూసున్న చెల్లె. జర సేపటికే సాంచ ఆగిపాయె. మల్ల పెడితే మల్ల ఆగిపాయె. గందుకే అన్ని బగ్గులే అన్న."

"బగ్గు కాదన్నా. కండెల దారం అయిపోయింది. వేరే కండె పెడితే సాంచ నడుస్తది."

అతని చెవులు వేడెక్కినయి. సాంచల చప్పుడుల పెరిగినోణ్ణని వీడియో మొదట్లనే గొప్పలు చెప్పుకున్నడాయె.

"గీ కండె సంగతి నీకెవలు చెప్పిండ్రు?"

"మీ బాపే. గేమ్‌ల చప్పుడు గూడ ఆయన నడిపే సాంచలదే."

"బాపు... నా వీడియో చూసిండా?"

"చూసిండు. 'సదువు పాడైతదని వాణ్ణి నేనే కార్ఖానల అడుగు పెట్టనియ్యలే బిడ్డా, తప్పు నాదే' అన్నడు."

"గిప్పుడే తీసేస్త."

"తీసెయ్యకన్నా. కార్ఖానల అందరికి అదే చూపెడుతుండు. బగ్గు అన్నకాడ వాళ్లు నవ్వుతుంటే, 'నవ్వుడు గాదు, మావోడు ఎంత మంచిగ మాట్లాడుతుండో సూడుండ్రి' అంటుండు."