మూసే ఉన్న తూము తలుపు

ఆ బల్ల మీద కూర్చోకు తల్లీ, దానికి ఒక కాలు కుంటి. ఇలా మంచం మీదకి రా. ఏమడిగావ్, సరస్సు అడుగున పట్నం సంగతా? అది చెప్పాలంటే ముందు మా చిన్నమావయ్య గురించి చెప్పాలి. మా అమ్మకి ఆఖరి తమ్ముడు, తాళాలు చేసేవాడు. అందరూ తుప్పు మావయ్య అనేవాళ్ళు. ముందు తుప్పు వాసన వచ్చేది, ఆ తర్వాత ఆయనొచ్చేవాడు మరి. తాళాలతో కబుర్లాడేవాడు. "ఎవరమ్మా నిన్ను కొట్టింది, ఏదీ, కాస్త నోరు తెరు" అని బుజ్జగించేవాడు. మనుషులతో మాత్రం రెండు మాటలు మించితే ఒట్టు.

మీ బళ్ళో ఇప్పుడేం చెప్తున్నారో గానీ, మా రోజుల్లో ఇలా చెప్పేవాళ్ళు. వెయ్యేళ్ళ కిందట అదో మహాపట్నం, ఇంటింటికీ మూడంతస్తులు. సరస్సు కంటే పల్లంలో కట్టుకున్నారు, మధ్యన రాతికట్ట, కట్టకో కంచు తూము తలుపు. తూము కాపలావాడు శత్రువుల దగ్గర లంచం మేసి ఓ మిట్టమధ్యాహ్నం ఆ తలుపు తీసేశాడట. అన్నం ముందు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే మునిగిపోయారట. పడవెక్కి బతికినవాళ్ళ సంతానం మన దొరలు. మరి ఆ కాపలావాడి సంతానం ఎవరయ్యా అంటే, తాళాలు చేసే మేము. ఎంత బాగా అతికించారో చూడు. అందుకని మావాళ్ళు పగలు కోటగోడ లోపల పని చేసుకోవచ్చు, సాయంత్రం గంట కొడితే బయటికి నడవాలి. మా తాళం కావాలి, మేం వద్దు. లోపల చాపలల్లే ఒకావిడ ఉండేది. ఆవిడ పెట్టె తాళం నెలకోసారి పాడయ్యేది. తాళానికేం రోగం, ఆవిడే మేకు పెట్టి పొడిచేది. గంట పనికి మావయ్య పూటంతా కూర్చునేవాడు. తీరా పెళ్ళి మాటెత్తితే వాళ్ళన్న "తూము దొంగకి పిల్లనిస్తామా" అనేశాడు.

ఇంతలో చందమామలు రెండూ ఒకేసారి మాయమయ్యే ఏడు వచ్చింది. అప్పుడు సరస్సు తొమ్మిది రోజులు వెనక్కి పోతుంది, నీకు తెలుసుగా. ఎప్పుడూ పది బారలు పోయేది, ఆ ఏడు మొత్తం పోయింది. పట్నం బయటపడింది. దొరకి నోట్లో నీళ్ళూరాయి. మావయ్యని పిలిపించి, చరిత్ర రాసే పెద్దాయన్ని వెంటబెట్టుకుని బురదలోకి దిగాడు. ఇళ్ళ తాళాలు తీయించి ఉన్నదంతా ఊడ్చుకుపోదామని. మావయ్య ఒక వీధి తిరిగాడు, రెండో వీధి తిరిగాడు. అన్ని తలుపులకీ బయటినుంచే తాళాలు. "అన్నం తింటూ మునిగినవాళ్ళు బయట తాళం ఎలా వేసుకున్నారండీ?" అన్నాడు. పెద్దాయన దగ్గాడు. సరే, తూము దాకా వెళ్ళారు. కంచు తలుపు మూసే ఉంది. మేక తలకాయంత తాళం, గడియ గూట్లోనే బిగిసి ఉంది. పక్కన రాతికట్టే నిలువునా పగిలి ఉంది. "తీసి, మళ్ళీ మూసి ఉంటాడు" అన్నాడు పెద్దాయన. "అంత నీరు తోసుకొస్తుంటే ఆ తలుపు ఏనుగులు కూడా మూయలేవండీ" అన్నాడు మావయ్య. దొర మొహం మాడింది. "ఇక్కడ చూసింది ఇక్కడే మర్చిపో, పని కానీ" అన్నాడు. మావయ్య సంచి కింద పెట్టి ఆ తలుపు ముందే చతికిలబడ్డాడు. "ఊరంతా వచ్చి చూసేదాకా ఒక్క తాళం ముట్టను."

నాలుగు రోజులు బతిమాలారు, నాలుగు రోజులు బెదిరించారు. ఊహూ. పగలగొడదామంటే అన్నీ కంచు తలుపులాయె, ఆ తాళాల కిటుకు తెలిసిన చెయ్యి ఇంకోటి లేదు. తొమ్మిదో రోజు పొద్దున దండోరా వేయించక తప్పలేదు. నేనూ వెళ్ళాను, అప్పుడు మీ నాన్న కడుపులో, బురదలో చెప్పు ఒకటి పోయింది కూడా. ఊరంతా నిలబడి గుడ్లప్పగించి చూస్తోంది. చాపలావిడ ముందుకొచ్చి, తాళం మీద చెయ్యి వేసి గుంజి చూసింది. "ఇది మూసే ఉంది" అంది, వాళ్ళన్న వైపు తిరిగి. దొర "చూశారుగా, ఇక తియ్యి" అన్నాడు. మావయ్య పక్కింటి తాళం మీద ఇలా వేలు పెట్టి, అలా వెనక్కి తీసుకున్నాడు. "ఊరు చూసేదాకా ముట్టనన్నాను, చూసింది, ముట్టాను. తీస్తానని అనలేదు. ఇంటివాళ్ళు లేనప్పుడు తాళం తీస్తే దాన్ని వేరే పేరుతో పిలుస్తారు దొరా." జనం ఒకటే నవ్వు. అప్పటికే నీళ్ళు మడమల దాకా వచ్చేశాయి. ఆ సాయంత్రం మామూలుగానే గంట కొట్టారు. మావయ్య చాపలావిడ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. లెమ్మని ఎవరూ అనలేదు కూడా.

ఇద్దరూ ముప్పై ఏళ్ళు కాపురం చేశారు. ఆఖరి రోజుల్లో ఓసారి నాకు మాత్రం చెప్పాడు. పట్నం మొత్తం మీద ఒక్క గదికే తాళం లేదట. తూము పక్కన కాపలావాడి గది. తలుపు దగ్గరగా వేసి ఉందట, లోపల పీట కూడా ఉందట. కట్ట పగులుతున్నా, ఊరంతా తాళాలేసుకుని వెళ్ళేదాకా వాడక్కడే ఉండిపోయాడన్నమాట. "ఆ సంగతి ఆ రోజే అందరికీ ఎందుకు చెప్పలేదు మావయ్యా" అన్నాను. "దొంగ కాదని వాళ్ళే చూసుకున్నారు, చాలు. మంచివాడని కూడా మనమే చెప్పుకోవాలా" అన్నాడు.

ఊఁ. అవునూ, నువ్వు రేపటిదాకా ఉంటున్నావా, ఇప్పుడే వెళ్తున్నావా?